అనపచేలోకి దిగిన కోన జింక

మా మనవరాలు పశువుల డాక్టరు చదువు చదువుతోంది. మొన్న సెలవులకు మదనపల్లెకు వచ్చినప్పుడు లాప్‌టాప్ తెరుచుకుని నా పక్కన మంచం మీద కూర్చుంది. కుప్పం వైపు అడవిలో చెట్లకు కట్టిన కెమెరాలు తీసిన జింకల ఫోటోలట. ఒక్కో జింకనూ చూసి దాని ఒంటి బాగును బట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలట. పక్కటెముకలు కనిపిస్తున్నాయా, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయా, వెన్ను మీద కండ ఉందా, బొచ్చు మెరుస్తోందా, అంతా చూడాలట.

“అవ్వా, ఇది రాళ్లగుట్ట మీద తిరిగే జింక. ఇది టమోటా తోటల పక్కన తిరిగేది. రెండూ ఒక జాతే. ఎంత తేడా ఉండాదో సూడు,” అంది.

గుట్ట జింకకు రెండు మార్కులు వేసింది. తోటల పక్క జింకకు నాలుగున్నర వేసి, “ఇది సూపరుగా ఉండాది,” అని మురిసిపోయింది. నిజంగానే అది నున్నగా, గుండ్రంగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంది. నేను దాన్ని చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాను. ఏమైందవ్వా అని పిల్ల అడిగితే ఏం లేదన్నాను. పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. కండ పట్టిన జింకను చూస్తే నాకు భయమని ఎలా చెప్పను?

ఆ మార్కులు వెయ్యడం నేను ఏ కాలేజీకీ పోకుండానే నేర్చుకున్నాను. నేర్పింది మా అవ్వ, మా నాయన తల్లి. ఆమెకు చదువు లేదు. తన పేరు కూడా రాయలేదు.

మాది పుంగనూరుకు బండి కట్టుకుని పోతే రెండు గంటలు పట్టే పల్లె. పాతిక ఇళ్లు ఉండేవి. అందరూ కూలికి పోయేవాళ్లు, లేదా మాలాగా కాస్త మెట్ట చేను పెట్టుకుని మిగతా రోజులు కూలికి పోయేవాళ్లు. ఊరికి ఒక పక్క బోడిగుట్ట. దాని మీద బండరాళ్లు, ముళ్లపొదలు, మేకలు తిని వదిలిన మోళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇంకో పక్క కోన. అక్కడ వెదురు, ఉసిరి, నేరేడు, మండువేసవిలో కూడా ఎండని ఒక సన్నటి నీటి పాయ. అవ్వ ఆ కోనలోకి పోయి చీపురు గడ్డి కోసుకొచ్చేది. ఉసిరికాయలు, సీతాఫలాలు ఏరుకొచ్చి పుంగనూరు సంతలో అమ్మేది. బడి లేని రోజుల్లో నన్నూ వెంట తీసుకుపోయేది.

కోనకు పోయే దారిలో జింకలు కనబడితే అవ్వ నన్ను భుజం పట్టి ఆపేది.

“మొగం సూడొద్దు మే. మొగం అన్నిటికీ ఒకటే. తుంటి సూడు,” అనేది.

బోడిగుట్ట జింకలకు తుంటి ఎముకలు బయటికి పొడుచుకొచ్చి, తోలు వాటి మీద ఆరేసినట్టుండేది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేదాన్ని. బొచ్చు కొబ్బరి పీచులా పొడిబారి, చెవుల చుట్టూ పిడుదులు పట్టి ఉండేవి. మూడు ఆడ జింకల్లో ఒకదాని వెంట పిల్ల ఉంటే ఎక్కువ. కోన జింకలు అలా కాదు. వాటి వీపు మీద చుక్కలు పాలు చిలకరించినట్టు తెల్లగా మెరిసేవి. అవి ఎగిరి దూకితే ముళ్లకంప కదిలేది కాదు.

“అవి వేరే జాతా అవ్వా?” అని అడిగాను ఒకసారి.

“వేరే జాత యాడిది? అదిగో, ఆ చెవి చినిగింది ఉండాదే, దాన్ని సూడు. పోయినేడు బోడిగుట్ట మీద నిలబడ్నీక బలం లేక ఊగతా ఉండె. ఎట్ల పోయిందో వంక దాటుకోని కోనలోకి పోయింది. ఒక్క వానాకాలం గడిసింది. ఇప్పుడు సూడు దాన్ని.”

ఎడమ చెవి కొస నుంచి మధ్య దాకా చీలిన ఆడ జింక అది. పచ్చి చిగుర్లు కొరుకుతూ మా వైపు చూసింది. దాని మెడ కింద కూడా కండ నిండి ఉంది.

“బోడిగుట్ట కూడా నా పెండ్లప్పుడు కోన మాదిరే ఉండె,” అంది అవ్వ. “ఇటిక బట్టీలకని కొట్టిరి, బొగ్గులకని కొట్టిరి. సెట్టు పోయినాక నీళ్లు పోయె. నీళ్లు పోయినాక జింక ఒంట్లో కండ పోయె. జింక ఒళ్లు సూస్తే అది యాడ తిరగతాండాదో చెప్పొచ్చు మే.”

నేను చెప్పబోయేది ఆ తర్వాత వచ్చిన చలికాలం సంగతి. నాకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. నాయన రాళ్లు కొట్టే పనికి బెంగళూరు వైపు పోయి ఉన్నాడు. ఇంట్లో అమ్మ, అవ్వ, చిన్నాయన, నేను, నాలుగేళ్ల తమ్ముడు. చిన్నాయనకు అప్పటికింకా పెళ్లి కాలేదు. చేను పని అంతా ఆయనే చూసేవాడు.

ఆ చేనులో అనప చిక్కుళ్లు వేశాం. మా వైపు చలికాలమంటే అనపకాయలే. మంచు పడే కొద్దీ కాయకు వాసన ఎక్కుతుంది. నాలుగు కాయలు గిల్లితే ఆ జిడ్డు, ఆ ఘాటు సాయంత్రం దాకా వేళ్లను వదలదు. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున అందరం చుట్టూ కూర్చుని ఒక్కో గింజనూ రెండు వేళ్లతో పితికితే పప్పు టపుక్కున జారి గిన్నెలో పడేది. నేను కావాలనే తమ్ముడి మొహానికి గురిపెట్టి పితికేదాన్ని. వాడు ఏడ్చేవాడు, అమ్మ నా వీపు మీద ఒకటి వేసేది. ఆ పితికిపప్పు పులుసులో వేడి రాగి సంగటి అద్దుకుని తింటుంటే చలి గుర్తొచ్చేది కాదు.

ఆ ఏడు రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయి. కోనలో వెదురు కొట్టేవాళ్లు దిగారు. పొద్దస్తమానం గొడ్డళ్ల చప్పుడు, మనుషుల కేకలు, లారీలు. కోనలోని జింకలు బెదిరిపోయి మా చేల దగ్గరికి దిగసాగాయి. రెండోది, కాయల్లో పురుగు పడింది. చిన్నాయన పెద్ద రైతు ఒకాయన్ని అడిగి మందు చల్లే చేతిపంపు తెచ్చి, శనివారం సాయంత్రం చేనంతా మందు కొట్టాడు. ఆ మందు డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండేది. ఆ బొమ్మంటే నాకు ఎంత భయమో, డబ్బా ఉన్న మూల వైపు కూడా పోయేదాన్ని కాదు.

“చేన్లో ఒక్క కాయ నోట్లో పెట్టొద్దు. పదైదు దినాలు ఎవురూ ముట్టొద్దు,” అని చిన్నాయన అందరికీ చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, “రేపు బడి లేదు గదా. తెల్లారక ముందే పోయి డబ్బా కొట్టు. జింకలు దిగతాండాయి. పొద్దెక్కేదాకా కదలొద్దు,” అన్నాడు.

ఆదివారం తెల్లవారుజామున గొంగడి కప్పుకుని, పాత నూనె డబ్బా, కట్టె పట్టుకుని పోయాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే చేను అవతలి గట్టు కనబడలేదు. మందు వాసన ముక్కులోకి కొట్టింది. ఏదో కుళ్లినట్టు, ఏదో కాలినట్టు ఉంది. కాసేపు డబ్బా కొట్టాను. అంతలో ఎదురింటి పిల్ల వచ్చింది. నా ఈడుదే.

“వంక గట్టున రేగ్గాయలు పండినాయంట. ఇప్పుడు పోకపోతే మేకలోళ్ల పిల్లోళ్లు ఒక్కటి మిగల్చరు. రా మే,” అంది.

“చిన్నాయన కొడతాడు.”

“ఇట్ల పోయి అట్ల వచ్చేస్తాం. మంచులో ఎవురు సూస్తారు?”

పోయాను. ఎర్రటివి, పుల్లటివి, ముళ్లు గీరుకుంటున్నా పట్టించుకోకుండా ఒడి నిండా కోసుకున్నాం. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఆ పిల్ల అట్నుంచి అటే ఇంటికి పోయింది. నేను పరిగెత్తుకుంటూ చేనుకు వచ్చేసరికి మంచు విడిపోతోంది. చేను మధ్యలో జింక నిలబడి ఉంది.

డబ్బా ఎత్తి కొట్టాను. అది కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను. తల మాత్రం తిప్పి నా వైపు చూసింది. ఎడమ చెవి చీలి ఉంది. దాని నోట్లోంచి తీగలు తీగలుగా సొంగ కారుతోంది. వెనక కాళ్లు గజగజ వణుకుతున్నాయి. అది నా వైపు రెండడుగులు వేసి ముందు మోకాళ్ల మీద కూలబడింది. అడవి జంతువు మనిషి వైపు రాకూడదు. అది వచ్చింది. నా చేతిలోంచి డబ్బా జారిపోయింది. మళ్లీ లేచి, తూలుతూ, అనప తీగల్ని కాళ్లకు చుట్టుకుని లాక్కుంటూ వంక వైపు పోయింది. చుట్టూ తొక్కేసిన తీగలు, సగం కొరికిన కాయలు. చాలాసేపే మేసి ఉంటుంది.

రేగ్గాయలన్నీ అక్కడే పారబోసి ఇంటికి పరిగెత్తాను.

“చేను ఎట్లుండాది?” అని అడిగాడు చిన్నాయన, పళ్లు తోముకుంటూ.

“బాగుండాది,” అన్నాను.

“యేం రాలేదా?”

“ఏం రాలేదు.”

మధ్యాహ్నం దాటాక వంక వైపు నుంచి కుక్కల అరుపులు వినబడ్డాయి. చిన్నాయన, ఎదురింటాయన కొడవళ్లు తీసుకుని పోయారు. అట్లా పోయినవాళ్లు ఎండ తగ్గే దాకా రాలేదు. వచ్చేటప్పుడు గంప మీద గోనె కప్పి, ఇళ్ల వెనక దారిన వచ్చారు. ఇద్దరి మొహాలు వెలిగిపోతున్నాయి.

“కుక్కలు జింకను తరిమి పట్టినాయి. మేం పోయేపొద్దుకు వంకలో పడి ఉండాది,” అన్నాడు చిన్నాయన, గొంతు తగ్గించి. “ఎవురూ నోరెత్తొద్దు. ఫారెస్టోళ్లకు తెలిస్తే జైల్లో ఏస్తారు.” తర్వాత నా ముందు వంగి నా గడ్డం పట్టుకున్నాడు. “నువ్వు ముఖ్యంగా. బళ్లో గానీ, యాడగానీ జింక అనే మాట రాకూడదు. వస్తే నన్ను, మీ అవ్వను, అందర్నీ పట్టుకపోతారు. అర్థమైందా?”

తల ఊపాను.

పెరట్లో మోదుగాకులు పరిచి మాంసం పోగులు వేశారు. తొమ్మిది ఇళ్లకు తొమ్మిది పోగులు. కాలేయం మాత్రం వంక దగ్గరే నిప్పుల మీద కాల్చుకుని తాము తిన్నామని ఎదురింటాయన నవ్వుతూ చెప్పాడు. పేగులూ అవీ కుక్కలకు వేశారట. తోలు గోనెలో చుట్టి మా గడ్డివామి కింద దాచారు.

అవ్వ గోనె లాగి తోలు విప్పి చూసింది. చీలిన చెవిని వేలితో తడిమింది. తర్వాత తోలును తిరగేసింది. లోపలి పక్క మందంగా కొవ్వు అంటుకుని ఉంది.

“ఇది కోన జింక,” అంది.

“యాడిదైతే ఏంలే మా,” అన్నాడు చిన్నాయన.

“కుక్కలకు చిక్కేది బోడిగుట్ట జింక రా. మేత లేక, కాలు సాగక చిక్కతాది. ఇంత కండ ఉండే జింకను మనూరి కుక్కలు తరిమి పట్టేదా? అదీ గాక కుక్క తరిమితే వెనక కాలు కొరకతాది. ఈ తోలుకు వెనక యాడా పన్ను పడలేదే.”

“అబ్బా! తినే పొద్దులో నీ విచారణ ఒకటి,” అని విసుక్కుంటూ ఆయన లోపలికి పోయి మంచం మీద వాలాడు. తలనొప్పిగా ఉందన్నాడు.

నేను తలుపు పక్కన నిలబడి అంతా వింటున్నాను. అవ్వ నా వైపు చూసింది. నేను చూపు దించుకున్నాను.

దీపాలు పెట్టే పొద్దుకు ఊరంతా మసాలా వాసన కమ్మేసింది. ధనియాలు వేయించిన వాసన, ఎండుకొబ్బరి నూరిన వాసన, ఉల్లిగడ్డలు మగ్గే వాసన. మామూలుగా అయితే నాకు నోరూరేది. ఆ రోజు పావడ అంచుతో ముక్కు మూసుకున్నాను. తమ్ముడు అప్పటికే సత్తు గిన్నె ముందు పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని, “అమా, ఉడికిందా?” అని మాటిమాటికీ అడుగుతున్నాడు.

చెప్పాలి. చెబితే చేను వదిలి రేగ్గాయలకు పోయానని తెలుస్తుంది. అబద్ధం ఆడానని తెలుస్తుంది. చిన్నాయన చెయ్యి నాకు తెలుసు. నలుగురిలో జింక మాట ఎత్తితే జైలు. చెప్పకపోతే? పుర్రె బొమ్మ కళ్ల ముందుకు వస్తోంది. నా తొమ్మిదేళ్ల బుర్రకు ఒక ఉపాయం తోచింది. అమ్మ నీళ్లకని బయటికి పోగానే ఉప్పు కుండలో చెయ్యి పెట్టి, పిడికెడు ఉప్పు తీసి మాంసం కుండలో వేశాను. ఇంకో పిడికెడు వేశాను. ఉప్పుగా ఉంటే ఎవరూ తినరనుకున్నాను.

అమ్మ వచ్చింది. గరిటెతో కలిపింది. అప్పుడు తట్టింది నాకు, అమ్మ ఉప్పు చూస్తుందని. ఆమె పులుసు బొట్టు అరచేతిలో వేసుకుంది. చెయ్యి నోటి దగ్గరికి పోతోంది.

ఎగిరి ఆ చేతి మీద కొట్టాను. గరిటె ఎగిరి పొయ్యిలో పడింది. తమ్ముడు కెవ్వుమన్నాడు. అమ్మ నిర్ఘాంతపోయి, మరుక్షణం నా చెంప పగలగొట్టింది.

“దయ్యం పట్టిందా మే నీకు?”

అవ్వ గడప దాటుకుని వచ్చి నా రెక్క పట్టుకుంది. “కుండ దించు. నేనొచ్చేదాకా ఎవురూ ముట్టొద్దు,” అని అమ్మతో చెప్పి, నన్ను గడ్డివామి వెనక్కి లాక్కుపోయింది.

“సెప్పు.”

“అవ్వా, చిన్నాయన కొడతాడు.”

“కొట్టనీయను. సెప్పు.”

చెప్పాను. మంచు, రేగ్గాయలు, డబ్బా, సొంగ, వణికిన కాళ్లు, చీలిన చెవి. అంతా ఒక్క గుక్కలో చెప్పాను. అవ్వ మొహం చీకట్లో కనబడలేదు. నా భుజం మీద ఆమె చెయ్యి మాత్రం బిగుసుకుపోయింది.

“కాలేయం తినేసినాడే,” అంది. నాతో కాదు. తనలో తాను అనుకుంది. తర్వాత నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. “నువ్వేం సూడలేదు. సూసింది నేను. తెలిసిందా? పొద్దున చేనికాడికి పోయి సూసింది నేను.”

వీధిలోకి పరుగెత్తింది. నేను కొంగు పట్టుకుని వెంట పరుగెత్తాను. ఆమె అంత గట్టిగా అరవడం నేను ముందెన్నడూ వినలేదు.

“తినొద్దండప్పా! కూర ఎవురూ తినొద్దండి! మందు తిన్న జింక అది! పారబోయండి!”

తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటామె నడుం మీద చెయ్యి పెట్టుకుని బయటికి వచ్చింది. “ఏమత్తా, పోగులు ఏసేటప్పుడు లేని మాట ఇప్పుడొచ్చిందే? మీ వాటా తక్కువైందా?”

“మా సేన్లో మందు కొట్టినాం. ఆ చేను తినింది అది. పొద్దున నేను సూసినాను.”

“పొద్దున సూసి ఇంతసేపూ యాడికి పోయింటివి?”

అవ్వ జవాబు చెప్పే అవసరం లేకపోయింది. వీధి చివర నుంచి ఎదురింటివాళ్ల నల్లకుక్క వస్తోంది. మధ్యాహ్నం పేగులు తిన్న కుక్క. తూలుతూ, గోడకు తగులుకుంటూ, నోటి నిండా నురగతో వచ్చి సరిగ్గా అందరి నడుమా పడింది. కాళ్లు నాలుగూ బిర్రబిగుసుకుని కొట్టుకున్నాయి. ఆగిపోయాయి.

ఎవరూ అరవలేదు. ఆ నిశ్శబ్దమే నాకు ఈనాటికీ భయం. ఒక్కొక్కరే లోపలికి పోయి కుండలు పట్టుకొచ్చారు. ఒకామె తన బిడ్డ నోట్లో వేలు పెట్టి, “తిన్నావా? నిజం సెప్పు, తిన్నావా?” అని ఊపేస్తోంది. ఆ పిల్ల తినలేదు. దేవుడి దయో, మసాలా నూరడం ఆలస్యమవడమో, ఒక్క ఇంట్లో కూడా ఇంకా వడ్డించలేదు.

అంతలో మా ఇంట్లోంచి అమ్మ కేక వినబడింది. చిన్నాయన మంచం మీంచి కింద పడి ఉన్నాడు. వాంతి చేసుకున్నాడు. ఒళ్లంతా చెమట. నోటి నుంచి అదే తీగలు తీగలుగా సొంగ. కాళ్లు అదే విధంగా వణుకుతున్నాయి. నేను తడికె పట్టుకుని నిలబడిపోయాను. పొద్దున నేను నోరు విప్పి ఉంటే ఈ మనిషి ఇలా పడి ఉండేవాడు కాదు. నా తలలో ఇదొక్కటే మాట తిరిగింది.

ఎదురింటాయన కూడా అప్పటికే కడుపు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇద్దర్నీ ఒకే బండిలో వేసుకుని పుంగనూరుకు తోలారు. అవ్వ బండిలో కొడుకు తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు. అమ్మ, నేను, తమ్ముడు ఒకే దుప్పట్లో ముడుచుకుని ఉన్నాం. ఎవరం నిద్రపోలేదు.

ఆసుపత్రిలో జరిగింది నాకు తర్వాత అవ్వ చెప్పింది. ఏం తిన్నారని డాక్టరు అడిగితే, వెంట పోయిన మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, వంకాయ కూర అన్నారట. ఫారెస్టోళ్ల భయం. అవ్వ వాళ్లను పక్కకు తోసి డాక్టరు ముందుకు పోయింది.

“జింక తిన్నారు సామీ. పురుగుల మందు తిన్న జింక. కాలేయం తిన్నారు. జైలుకైతే నేను పోతాను, ముందు మందెయ్యి,” అంది. ఆ మందు పేరు తెలియక, డబ్బా మీది పుర్రె బొమ్మ గుర్తులు చెప్పింది. అక్కడ సూదులు వేసి, తెల్లవారగానే జీపులో మదనపల్లెకు పంపించారు. ఎదురింటాయన నాలుగు రోజులకు లేచాడు. చిన్నాయన బతుకుతాడో లేదో వారం దాకా ఎవరూ చెప్పలేకపోయారు. బతికాడు.

ఆ వారం రోజులూ ఖాకీ బట్టలు ఎవరివి కనబడినా నేను గాదె వెనక దాక్కున్నాను. ఒకసారి పోస్టుమాను వస్తే కూడా దాక్కున్నాను. నిజంగా వచ్చినరోజు దాక్కునే సందు కూడా దొరకలేదు. ఫారెస్టు ఆయన, ఇంకో ఇద్దరు వచ్చి మా పెరట్లో నిలబడ్డారు. అవ్వ తోలు తెచ్చి వాళ్ల ముందు పరిచింది.

“ఎవురు చంపినారు దీన్ని?” అని అడిగాడాయన.

“మా చేను చంపింది సార్,” అంది అవ్వ. “ఇది కోనలో ఉండె. కోనలో కూడు, నీళ్లు అన్నీ ఉండె దీనికి. మీరు వెదురు కొట్టిస్తాంటే బెదిరి మా చేన్లోకి దిగింది.”

ఆయన ఏదో రాసుకుని, కాగితం మీద అవ్వ వేలిముద్ర వేయించుకుని, తోలు తీసుకుని పోయాడు. ఆ తర్వాత చిన్నాయన పుంగనూరు కోర్టు చుట్టూ కొన్నాళ్లు తిరిగాడు. జైలుకు మాత్రం ఎవరూ పోలేదు. ఆ పోగుల మాంసం, మా అనపచేను పంట అంతా అంతకుముందే గుంట తవ్వి పూడ్చారు.

నాకు దెబ్బలు పడలేదు. పడి ఉంటే బాగుండేది. దెబ్బలన్నీ అవ్వకు పడ్డాయి, మాటల రూపంలో. “తెలిసి కూడా పొద్దుగూకే దాకా నోరు మూసుకునింది ముసిల్ది,” అన్నారు ఊళ్లో. ఎదురింటామె మా ఇంటి వైపు చూడడం మానేసింది. కన్న కొడుకును చంపుకోబోయిందని కూడా అన్నారు. బావి దగ్గర ఆడవాళ్లు అవ్వను చూసి మాటలు ఆపేసేవాళ్లు. ఆమె నీళ్లు తోడుకుని వచ్చేసేది. నేను పక్కనే నడిచేదాన్ని. ప్రతిరోజూ ఈరోజు చెప్పేస్తానని అనుకునేదాన్ని. అవ్వ చచ్చిపోయే దాకా చెప్పలేదు. నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, ఊరు వదిలాను. వెదురు పోయిన ఆ కోనలో ఇప్పుడు రాళ్లు కోస్తున్నారు.

మనవరాలు సెలవులు అయిపోయి వెళ్లాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. పోయిన వారం బస్సెక్కి కుప్పం వెళ్లాను. చిన్నాయన అక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎనభై దాటాయి. చెవులు బాగానే ఉన్నాయి, కళ్లే సరిగా లేవు. ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కోడలు కాఫీ ఇచ్చి పోయింది.

“చిన్నాయనా, ఆ పొద్దు చేన్లో జింకను సూసింది అవ్వ కాదు. నేను. రేగ్గాయలకు పోయింటిని. నీకు అబద్ధం చెప్తిని,” అన్నాను. అరవై దాటిన మనిషిని, చిన్నపిల్లలా చేతులు కట్టుకున్నాను.

“తెలుసులే మే,” అన్నాడు.

“అవ్వ చెప్పిందా?”

“మీ అవ్వ ఎవురికీ చెప్పలే. ఆ పొద్దు తెల్లారి నేను లేసేపొద్దుకు ఆమె పెరట్లో చీపురు గడ్డి కట్టుకుంటాండాది. చేనికాడికి పోలేదని నాకు తెలీదా?” దుప్పటి పక్కకు తోశాడు. “నేనూ ఒకటి చెప్పల్ల. దాన్ని కోస్తాంటే నోట్లో నుంచి మందు వాసన కొట్టింది. ముందుదినం మందు కొట్టింటి గదా, నా చేతుల వాసనే అనుకుంటి. వంకలో ఇసుక పెట్టి చేతులు తోముకుంటి. మళ్లా వాసన సూస్తి. నా చేతుల్లో లేదు.”

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

“మరి యాల తెస్తివి చిన్నాయనా? యాల తింటివి?”

“అంత కండ ఉండే దాన్ని నేను పుట్టినాక సూసిందే లేదు మే. ఆ యేడు మనింట్లో ఎవురి ఒంట్లో కండ ఉండె? మీ తమ్ముని పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు. వానికింత పెడదామనుకుంటి. ముందు నేను తిని సూస్తాం, నాకేం కాకుంటే పిల్లోళ్లకు పెడదామని తింటి. తిన్నాక గంటైనా ఏం కాలే. సరే అనుకుంటి.”

ఆయన చెయ్యి మంచం మీద తడుముకుంటూ వచ్చి నా చేతికి తగిలింది. ఉత్త ఎముకలు. పట్టుకున్నాను. బావి దగ్గర ఆడవాళ్లు మాటలు ఆపేసినప్పుడు, అవ్వ కడవ ఎత్తుకుని తల వంచుకుని నడిచినప్పుడు, ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. ఇద్దరికీ నిజం తెలుసు. ఒక్కరమైనా ఆ మాట అవ్వ బతికుండగా వీధిలోకి వచ్చి చెప్పి ఉండాల్సింది. ఇద్దరం భయపడ్డాం.